ఇంటిపేరు

మా నాన్న మర్డో గెడెస్
రెండు గుర్రాల సరుకుతో వచ్చాడు ఈ నేలకి.
ఎర్ర బట్ట, గాజుపూసలు, తుపాకి మందు,
మూడు రాగి బిందెలు, ఒక సొట్ట బిందె.
సొట్టది మాత్రమే ఇప్పుడు నా దగ్గరుంది.

ఎక్కడివాడంటే
వాన ఆగని ఏదో దీవి పేరు చెప్పేవాడు,
మా చికసా నోళ్లకు తిరగని పేరు.
అక్కడ రాళ్లే పండుతాయట.
మావాళ్లు అతన్ని నాహోల్లో అన్నారు,
తెల్లవాడన్న మాటే,
తిట్టూ కాదు, పొగడ్తా కాదు.

మా అమ్మ ఇమ్మహోకది నక్క గోత్రం.
ఆమెను చేసుకున్నాక
నక్కతోక తొక్కి వచ్చాడని నవ్వారంతా.
ఇల్లు ఆమెది, చేను ఆమెది, రోలు ఆమెది,
రోకటిపోటుకి అదిరే మట్టి ఆమెది.
మగవాడి మూట గుమ్మం బయట పెడితే
పెళ్లి తెగిపోయినట్టే.
రెండుసార్లు పెట్టింది.
రెండోసారి మూడు రాత్రులు
మంచులో, గుర్రాల మధ్య పడుకున్నాడు.

నాన్నకొక చిట్టా పుస్తకం ఉండేది, తోలు అట్టది.
ఊరందరి బాకీలూ అందులో జింకతోళ్ల లెక్కన రాసేవాడు.
అరతోలు తేడా వస్తే దీపం ఆర్పేవాడు కాదు.
నాకు అక్షరాలు నేర్పింది ఆ పద్దుల మీదే.
అందుకేనేమో ఇప్పటికీ ఏ మాట రాసినా
పక్కన ఒక అంకె వేయాలనిపిస్తుంది.

నన్ను మందలించే హక్కు మాత్రం అతనికి లేదు,
అది మేనమామది.
ఎలుగు నూనె కుండ నేను ఒలకబోసిన రోజు
మామ వచ్చేదాకా
నాన్న తలుపు దగ్గర నిలబడి
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
టోపీ తిప్పుతూ ఉన్నాడు.
మా దేశంలో అయితే, అని మొదలుపెట్టి
ఆపేశాడు.

అడవిలో జింకలు తగ్గాయి. బాకీలు తగ్గలేదు.
ఆ తర్వాత వచ్చిన తెల్లవాళ్లు
నీళ్లడగలేదు, పిల్లనడగలేదు.
చెట్లకు గాట్లు పెట్టుకుంటూ వచ్చారు.

ఆకులు రాలే నెలలో సర్కారు గుమాస్తా వచ్చాడు,
మడతబల్ల, సిరాబుడ్డి.
ఈ ఇంటికి యజమాని ఎవరు?
నాన్న అప్పటికి ముసలివాడు.
మావాళ్లలాగే పెదవులు ముందుకు చాచి
అమ్మ వైపు చూపించాడు.
అమ్మ మొక్కజొన్న దంచుతోంది.
గుమాస్తా నవ్వాడు.
రాశాడు: మర్డో గెడెస్.
భార్య, ఒకతె. పిల్లలు, నలుగురు. ఎకరాలు, ఇన్ని.

అరతోలుకి తెల్లవార్లూ మేలుకున్న మనిషి
ఆ వరసను వేలితో చదివాడు.
మళ్లీ చదివాడు.
దిద్దలేదు.

ఎందుకని చాలా ఏళ్లు అడిగాను,
అతన్ని కాదు, అతను లేని చోటుని.
భయమా, ముసలితనమా,
లేక నలభై ఏళ్లు ఇల్లరికం ఉన్నవాడికి
ఒక్క కాగితం మీదైనా
ఇంటివాడు కావాలనిపించిందా.

అమ్మ ఏమీ అనలేదు.
ఆ రాత్రి అతని మూట బయట పెట్టనూ లేదు.
గుమ్మం ఎవరిదో తెలియాలి కదా, పెట్టడానికి.

చలికాలం వెళ్లకముందే పోయాడు.
మా పాత ఆచారం ప్రకారం ఇంట్లోనే,
తన మంచం కింద, నేల తవ్వి పడుకోబెట్టాం.
ఆ తర్వాత అందరం కదిలాం పడమటికి.
మేం ఖాళీ చేసిన ఇంట్లో
చివరికి అతనొక్కడే ఉండిపోయాడు.

బయల్దేరేముందు అమ్మ చిట్టా చింపింది.
విత్తనాలు రంగు రంగుకీ విడిగా పొట్లాలు కట్టింది.
పెద్దనది దాటేటప్పుడు, పడవ మీద,
నా ఒళ్లో ఉన్న పొట్లం మీద నాన్న దస్తూరీ:
ఇమ్మహోక. రాగి బిందె, సొట్టది, ఒకటి.
ధర గడిలో ఏమీ లేదు.

వాన మొదలైంది.
పొట్లం తడవకుండా శాలువా కింద పెట్టుకున్నాను.
గింజల కోసమే.